బావమరిది ఓడలో వచ్చిన చాక్లెట్టు

నిప్పు కనిపెట్టినవాడి గురించీ, చక్రం కనిపెట్టినవాడి గురించీ చరిత్రకారులు పుస్తకాలకు పుస్తకాలు రాశారు. తప్పులేదు. కాని చాక్లెట్టును నోట్లో వేసుకుని నమలకుండా ఉండగలిగిన మొట్టమొదటి మానవుడి గురించి ఇంతవరకూ ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఆ మానవుడు మా కార్ఖానా మేడ మీద, కిటికీ పక్క బల్ల దగ్గర, మోచేతుల దాకా పిండి జిగురు పూసుకుని పనిచేసేవారు. ఆయనను దగ్గరనుంచి ఎరిగినవాణ్ణి కనక చరిత్రలో ఈ లోటు పూడ్చే భారం నా మీద పడింది.

మాది గ్లోబులు తయారుచేసే కార్ఖానా. దేశాలూ సముద్రాలూ అచ్చాఫీసు నుంచి పొడుగాటి కాగితపు తొనలుగా వస్తాయి, భూమిని నారింజపండులా ఒలిచి పంపినట్టు. ఆ తొనలను అట్టబంతి మీద అంచుకు అంచు కలిపి అంటించాలి. వెంట్రుకవాసి తేడా వచ్చిందా, ఒక దేశంలో పుట్టిన నది పక్క దేశంలో అడుగు పెట్టకుండానే మాయమవుతుంది. ఆయన అంటించిన గ్లోబు మీద అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరికేది కాదు. అంటించాక, లేతనీలంగా అచ్చయి వచ్చిన సముద్రాలకు ముదురు రంగు వేసే పని సముద్రాలక్కయ్యది. ఊళ్ళ పేర్లు సరిచూసే పని నాది. జీతాలు ఆలస్యం చేసే పని లెక్కల గుమాస్తాది. తయారైన గ్లోబులన్నీ ఆరడానికి కప్పునుంచి తీగలకు వేలాడేవి. మధ్యాహ్నం కిటికీలోంచి గాలి వీస్తే అన్ని భూగోళాలూ ఒక్కసారి నెమ్మదిగా తిరిగేవి. తలెత్తి చూస్తే, మనం ఏ భూమ్మీద కూర్చున్నామో కాసేపు తెలిసేది కాదు.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉండే ఉంటుంది. మేము మాత్రం "కరగనివ్వండి గారు" అనేవాళ్ళం. చాక్లెట్టు రుచి చూసేటప్పుడు ఆయన నోట మొట్టమొదట వచ్చే మాట అదే. క్రమంగా అది అన్నిటికీ పాకింది. గుమాస్తా ఆవేశపడి ఈ ఉద్యోగం మానేస్తానంటే "కరగనివ్వండి" అనేవారు. గోడగడియారం ఆగిపోయిందంటే "కరగనివ్వండి" అనేవారు. ఇంట్లో పాలు పొంగిపోతున్నాయని భార్య కేకేస్తే "కరగనివ్వవే" అన్నారట. అక్కడ మాత్రం ఆ మాట కరగలేదని వినికిడి.

రుచి చూడటమంటే ఆయన దృష్టిలో తినడం కాదు. చొక్కా జేబులోంచి రేకుడబ్బా తీసేవారు. అందులోంచి మేమెన్నడూ చూడని కాగితం చుట్టిన చాక్లెట్టు ఒకటి బయటికి వచ్చేది. ఒకసారి వెండి చుక్కలున్న నీలం కాగితం. ఒకసారి పక్షి బొమ్మ ఉన్న పసుపు కాగితం. వాటి మీద ఏ దేశానిదో తెలియని లిపి. ఆ లిపి తనకు కొద్దో గొప్పో వచ్చునని గుమాస్తా అనేవాడు.

"ఇదెక్కడిదండీ?" అని అక్కయ్య అడిగేది.

"మా బావమరిది ఓడలో వంటవాడమ్మా. రేవు దొరికినప్పుడల్లా ఒకటి పంపిస్తాడు."

"ఎంత అదృష్టమండీ మీ బావమరిదిది!"

"ఉప్పుగాలి, అక్కయ్యా. ఒళ్ళంతా ఉప్పు. అందుకే తీపి విలువ తెలిసింది వాడికి."

ఇక చాక్లెట్టు ముక్కలయ్యేది. అందరం కూర్చోవాలి. కళ్ళు మూసుకోవాలి. నాలుక మీద పెట్టుకోవాలి. నమలకూడదు, మాట్లాడకూడదు. మాట్లాడే హక్కు ఆయన ఒక్కరిదే. ఆయన గొంతు అప్పుడు వేరుగా ఉండేది, పక్కగదిలో ఎవరో నిద్రపోతుంటే మాట్లాడుతున్నట్టు.

"కరగనివ్వండి... ముందు ఏమీ ఉండదు. తలుపులు మూసిన ఇల్లు. తొందరపడకండి. ఇదుగో, లోపల ఎవరో దీపం పెట్టారు. కిటికీ కాస్త పసుపెక్కింది. ఎవరో మెట్లు దిగుతున్నారు..."

"నాకింకా చీకటిగానే ఉందండీ," అన్నాడు గుమాస్తా.

"మీరు నమిలారు."

"లేదండీ బాబూ!"

"దవడ చప్పుడైంది. నేను విన్నాను. ఇప్పుడు మీకు ఆ ఇంట్లోకి దారి లేదు. బయట నిలబడండి."

గుమాస్తా కళ్ళు మూసుకునే బయట నిలబడ్డాడు.

చాక్లెట్టు కరిగిపోయినా చర్చలు కరిగేవి కావు. కార్ఖానా రెండుగా చీలింది, నీలం కాగితం వర్గం, పక్షిబొమ్మ వర్గం అని. "నీలందాంట్లో పాలు ఎక్కువండీ. పక్షిబొమ్మది చలిదేశం సరుకు, చివర్లో చిన్న చేదు తగుల్తుంది," అని గుమాస్తా తీర్పు చెప్పేవాడు. "మీ నాలుకకి అంత తెలివే ఉంటే మీ ఇంటి కాఫీ ఎలా తాగుతున్నారు?" అని అక్కయ్య అడిగేది. నేను నీలం వర్గం. పక్షిబొమ్మ వర్గం వాళ్ళతో కలిసి భోజనానికి కూర్చోవడానికి నాకు కొన్నాళ్ళు మనసొప్పలేదు.

ఓడ ఎప్పుడొస్తుందో చెప్పలేం. నెలల తరబడి జాడ ఉండేది కాదు. తర్వాత వెంట వెంటనే వచ్చేది. అక్కయ్య తల్లిని ఆస్పత్రిలో చేర్చి, కబురు కోసం ఎదురుచూస్తూ ఆవిడ ఒకే సముద్రానికి మళ్ళీ మళ్ళీ రంగు వేస్తున్న రోజున వచ్చింది. ఒక రాజధాని పేరు నా చూపు తప్పిపోయి, యజమాని నన్ను అందరి ముందూ నిలబెట్టి కడిగేశారు. నా అదృష్టం బాగుండి ఆ పూటే ఓడ వచ్చింది. గుమాస్తాను సంబంధం వాళ్ళు కాదని వెళ్ళిన మర్నాడైతే, ఏకంగా రెండు రకాలు దిగాయి.

యజమాని ఒక్కరే ఈ ప్రయాణాలకు దూరం. మనిషి మంచివారే గాని, కోపం ఆయనకంటే ముందు కర్రమెట్లు ఎక్కి వచ్చేది. "పనివేళ ఈ చప్పరింపులేమిటి?" అనేవారు.

అలాంటి రోజుల్లో కొత్తమ్మాయి పనిలో చేరింది. చిన్నప్పుడు ఎవరో ఇచ్చిన అరచేతంత గ్లోబును పక్కలో పెట్టుకుని పడుకునేదట. తలుపు గడియ తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చునేది. ఎన్నో పనులు అడిగి చూసి, ఎక్కడా నిలవక, చివరికి తను కోరుకున్న చోటికే వచ్చింది. యజమాని ఆమెకొక పెద్ద గ్లోబు అప్పగించారు. పిల్లల గ్రంథాలయానికి, రేపే అందించాలి. "ఇది సరిగ్గా వస్తే ఉద్యోగం నీది. రాకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదమ్మా," అన్నారు. ఆయన మాటంటే మాటే.

ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టి అంటించింది. ఆఖరి తొన వేసి వెనక్కి జరిగి నిలబడింది. మొహం వెలిగిపోతోంది. సముద్రాలక్కయ్య కుంచె పట్టుకుని వచ్చి గ్లోబు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. మళ్ళీ ఇంకొకటి చేసింది.

"అమ్మాయ్, నా సముద్రం ఏదీ?"

"ఏ సముద్రమక్కా?"

"ఇక్కడ ఉండాలే! ఇంత పెద్దది! ఎక్కడ పెట్టావే?"

అచ్చాఫీసు వాళ్ళు, చిరిగితే పనికొస్తుందని ప్రతి తొననూ రెండేసి పంపుతారు. ఆ అమ్మాయి కంగారులో సముద్రం తొన బదులు, పక్క దేశం తొననే రెండోసారి అంటించింది. ఒకే దేశం కవలపిల్లల్లా పక్కపక్కన నిలబడి ఉంది. సముద్రం తొన బల్లమీదే పడి ఉంది.

"ఆ దేశం వాళ్ళు సంతోషిస్తారు," అన్నాడు గుమాస్తా.

ఎవరూ నవ్వలేదు. కర్రమెట్ల మీద యజమాని అడుగులు వినిపిస్తున్నాయి. అమ్మాయి పాలిపోయింది. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. తడిపి, నెమ్మదిగా ఒలిచి, రెండోది వెయ్యవచ్చు. కాని అడుగులు గుమ్మం దాకా వచ్చేశాయి.

కరగనివ్వండి గారు గ్లోబుకు అడ్డంగా వచ్చి నిలబడ్డారు.

"సార్, ఓడ వచ్చింది."

"ఏ ఓడ?"

"మా బావమరిది ఓడ. ఈసారి మీ కోసమని విడిగా చెప్పి పంపాడు సార్."

"నా కోసమా? నేనెవరో అతనికేం తెలుసు?"

"నేను చెబుతుంటాను కదండీ, మా సార్ ఒక్కరే ఇంతవరకూ రుచి చూడలేదని. వాడు చాలా బాధపడ్డాడు."

"నాకు పళ్ళు బాగాలేవయ్యా."

"పళ్ళతో పనే లేదు సార్. కూర్చోండి."

యజమానిని ఎవరైనా కూర్చోమనడం అదే మొదలు కాబోలు, కూర్చున్నారు. నీలం కాగితం విప్పుకుంది. అందరికీ తలా ఒక ముక్క అందింది. చివర్లో ఒకటే మిగిలితే కరగనివ్వండి గారు దాన్ని కొత్తమ్మాయి చేతిలో పెట్టారు. అందరం కళ్ళు మూసుకున్నాం.

"కరగనివ్వండి... తొందర లేదు. పడవ ఒకటి ఒడ్డు విడిచింది. తెడ్డు వెయ్యడం లేదు, దానంతటదే పోతోంది. నీళ్ళ మీద మంచు..."

నా చేతిమీద నీళ్ళచుక్క పడింది. కన్ను దానంతటదే తెరుచుకుంది. కరగనివ్వండి గారు ఒక చేత్తో స్పాంజి పట్టుకుని ఆ కవల దేశాన్ని తడుపుతున్నారు. కొత్తమ్మాయి అటువైపు నిలబడి కాగితం కొస పట్టుకుంది. బుగ్గలో చాక్లెట్టు, కళ్ళలో నీళ్ళు. దేశం కొద్దికొద్దిగా భూమిని వదిలి లేస్తోంది.

"ఏదో చప్పుడవుతోంది," అన్నారు యజమాని.

"అలలు సార్. ఒడ్డు దగ్గరే ఉన్నారు మీరు."

"పిండి వాసన..."

"ఓడలో రొట్టె కాలుస్తున్నారు. కళ్ళు తెరవకండి, మంచు విడిపోతుంది."

దేశం బల్లమీదికి దిగింది. సముద్రం తొన పైకి లేచింది. కాని అంచు ఇంకా అంచును చేరలేదు. అంతలో యజమాని గొంతు సవరించుకున్నారు.

"నాది అయిపోయినట్టుందయ్యా."

అక్కయ్య ఇంకా అతకని అంచును కుంచెతో చూపించింది. ఆవిడా చూస్తోందన్నమాట. గుమాస్తా కూడా ఒంటికన్ను తెరిచి ఉన్నాడు.

"అది మొదటి కరగడం సార్," అన్నారు కరగనివ్వండి గారు. ఆయన వేళ్ళు అంచు వెంబడి పాకుతున్నాయి. "అంగిట్లో కాస్త నిలిచి ఉంటుంది. దాన్ని నాలుకతో తాకకండి. అదే రావాలి. చిన్నప్పుడు మీరు ఎక్కడ కూర్చునేవారు సార్?"

పైన గ్లోబులు తిరుగుతున్నాయి. వాటి నీడలు మా మీదుగా, యజమాని బట్టతల మీదుగా, గోడల మీదుగా పోతున్నాయి.

"ఈ బల్ల కిందే," అన్నారు యజమాని. ఆ గొంతు మేము ఎరిగినది కాదు. "నాన్నగారు పైన కత్తిరిస్తుంటే తొనల కొసలు కిందపడేవి. సన్నగా, వంపుగా ఉండేవి. చందమామలు రాలుతున్నాయనుకునేవాణ్ణి. జేబుల్లో దాచుకునేవాణ్ణి."

"కరగనివ్వండి సార్," అన్నారాయన మెత్తగా. అంచు అంచును కలిసింది.

యజమాని కళ్ళు తెరిచేసరికి భూమి భూమిలా ఉంది. ఆయన గ్లోబు చుట్టూ తిరిగారు. ఒకచోట వేలు పెట్టారు.

"ఇక్కడ తడిగా ఉందేం?"

"సముద్రం కదండీ," అంది అక్కయ్య.

యజమాని ఆవిడ వంక చూశారు. కొత్తమ్మాయి వంక చూశారు. "రేపు పొద్దున్నే రా అమ్మా. కాని మరీ మెట్లమీద కూర్చోకు, తాళంచెవి ఒకటి నీ దగ్గరుంచుకో," అన్నారు. ఆ మాటకు ఆ అమ్మాయి అంతదాకా బుగ్గలో దాచుకున్న ముక్కను గుటుక్కున మింగేసింది. కరగనివ్వండి గారి ఎదుట ఆ పని చేసి క్షమాపణ పొందినది ఆ అమ్మాయి ఒక్కతే.

మెట్లు దిగబోతూ యజమాని వెనక్కి తిరిగారు.

"ఆ చాక్లెట్టు నాకొక డబ్బా కావాలి. నీలం కాగితందే సుమా. ఇంకోటి పెడితే నాకు తెలిసిపోతుంది. ఓడ మళ్ళీ ఎప్పుడు?"

"గాలిని బట్టి సార్," అన్నారు కరగనివ్వండి గారు.

సాయంత్రం ఆయన నా పక్కన నడుస్తూ, "కళ్ళు తెరిచారు మీరు," అన్నారు.

"నీళ్ళు పడ్డాయండీ."

"సరే, ఎలాగూ తెరిచారు కదా. రండి, డబ్బా మొయ్యడానికి తోడు కావాలి."

రేవు మా ఊరికి ఏ వైపున ఉందో నాకు తెలియదు. ఆయన నడిచినవైపే నడిచాను. వీధి మలుపు దగ్గర, సబ్బులూ అగ్గిపెట్టెలూ అమ్మే కొట్టు ముందు ఆగారు. లోపలున్న లావుపాటి మనిషి గాజుసీసా మూత తీస్తూ, "ఏం బావా, ఎవరి మొహం వాడిపోయిందివాళ?" అన్నాడు.

కొట్టు వెనక చిన్న బల్ల. దానిమీద జిగురుగిన్నె, తొనలు కత్తిరించగా మిగిలిన సముద్రాల కొసలు, ఎడారుల కొసలు. కరగనివ్వండి గారు కూర్చుని ఒక నీలం ముక్క తీసి, చాక్లెట్టు చుట్టూ తిప్పి, అతుకు కనబడకుండా అంటించారు.

"మరి ఆ లిపి?" అన్నాను.

"తప్పుపడ్డాయని మీరు కొట్టేసిన ఊళ్ళ పేర్లు. తలకిందులుగా వేశాను."

నీలం వర్గం కోసం నేను పడిన పాట్లన్నీ కళ్ళముందు తిరిగాయి.

"కాని నీలందాంట్లో పాలు ఎక్కువ కదండీ!"

ఆయన నన్ను జాలిగా చూశారు. కాగితం చుట్టని చాక్లెట్టు ఒకటి నోట్లో వేసుకుని, ఇంకోటి నా చేతిలో పెట్టి, కళ్ళు మూసుకున్నారు. వీధిలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఆయన మొహం మీదికి దూరంనుంచి ఏదో గాలి వీస్తున్నట్టుంది. సీసాలోంచి ఇప్పుడే తీసినదే, అయినా ఆయన ఎక్కడికో వెళ్ళిపోయారు.

నేను బావమరిది గారి వైపు తిరిగి, ఓడ గురించి అడిగాను.

ఆయనకు నీళ్ళంటే భయమట. ఆ కొట్లో దొరికే చాక్లెట్టు ఒక్కటే రకం.