జానకిరామ్ గారి రెండు వందల పద్దెనిమిది

డాక్టర్ జానకిరామ్ గారికి ఒకటే జబ్బు. ప్రపంచంలో ఎవరు ఎక్కడ పరిశోధనా వ్యాసం రాసినా, అందులో తన పేపర్ల ఊసెత్తారో లేదో చూసుకోనిదే ఆయనకు పొద్దున కాఫీ గొంతు దిగదు. అలా ఊసెత్తడాన్ని లోకమంతా సైటేషన్ అంటుంది. ఆయనకు మాత్రం అది ఆరోప్రాణం.

ఇమ్యునాలజీలో, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తి గురించిన చదువులో, పాతికేళ్ళుగా పేరున్న ప్రొఫెసర్. భవానీపురంలో ఆయనింటికి పాలు పోసే మణెమ్మకు కూడా ఆయన సైటేషన్ల లెక్క కంఠతా వచ్చు. ఒకసారి భార్య గంగాదేవి ఆయన్ను బలవంతాన బీపీ చూపించడానికి లాక్కెళ్ళింది.

"మొన్న ఎంతుందండీ?" అన్నాడు డాక్టరు.

"తొమ్మిది వందల ఎనభై ఆరు!"

"ఆయన్నడక్కండి, నన్నడగండి," అంది గంగాదేవి.

వెయ్యోది వచ్చిన రోజు ల్యాబ్‌లో అందరికీ బందరు లడ్డూలు పంచారు. ఆ వెయ్యోది రాసిన జర్మనీ ఆయన ఏమన్నాడో చూద్దామని, జానకిరామ్ గారి దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న స్టెల్లా ఆ వ్యాసం తెరిచింది. చదివి లడ్డూ పక్కన పెట్టేసింది.

"సార్... మీ పేపర్లో లెక్క తప్పని రాశాడండీ."

"తప్పని రాయాలన్నా ముందు నా పేరు రాయాలిగా! తినమ్మా, తిను."

మర్నాడు కూర్చుని సరిచూసుకుంటే తప్పు నిజమేనని తేలింది. ఒప్పుకుంటూ జర్మనీకి నాలుగు పేజీల మెయిలు పెట్టారు. ఇలాంటి మనిషిని ఏమని తిడతాం?

స్టెల్లాకు మాత్రం తిట్టాలనిపించే రోజొకటి వచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట జానకిరామ్ గారు నాగాయలంక అవతల ఓ చేపల పల్లెలో నలభై మంది రక్తం తీసుకుని, అవే దోమలు కుట్టినా కొందరికి బోదకాలు ఎందుకు రాదో రాశారు. ఇప్పుడు ఆ నలభై మందే మళ్ళీ రక్తమిస్తేనే స్టెల్లా థీసిస్ ముందుకు సాగుతుంది. ఇవ్వకపోతే మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

"సూదులు పట్టుకొచ్చేవాళ్ళని ఊళ్ళోకి రానివ్వట్లేదండి. మొన్న ఎవరో వస్తే తరిమేశారు," అని అక్కడి ఆశా కార్యకర్త ఫోన్లో చెప్పింది.

"నేనూ వస్తా పద," అన్నారు జానకిరామ్ గారు.

"సార్, దణ్ణం పెడతాను. అక్కడ మాత్రం సైటేషన్ల లెక్క ఎత్తకండి."

ఆయన తలూపారు. పల్లెలో కారు దిగారు. వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ళ మధ్యకు వెళ్ళి, ఒక పెద్దావిడ ముందు చతికిలబడి, మొట్టమొదటి మాటగా అన్నారు:

"అంకాలమ్మగారూ, మన పేపరు రెండు వందల పద్దెనిమిది!"

స్టెల్లా కళ్ళు మూసుకుంది.

"ఉగాదికొచ్చినప్పుడు రెండొందల పదకొండన్నారుగా? ఈ ఏడుగురూ ఏ ఊరోళ్ళండీ?" అంది అంకాలమ్మ.

జానకిరామ్ గారు జేబులోంచి కాగితం తీశారు. "ఇద్దరు బ్రెజిల్, ముగ్గురు ఘనా, ఇద్దరు మన ఒడిశా."

"ఆళ్ళకీ కాళ్ళు వాత్తాయా?"

"వాస్తాయమ్మా. మీ రక్తంలో కనపడ్డ సంగతి పట్టుకునే వాళ్ళు మందు వెతుకుతున్నారు."

ఎనిమిదేళ్ళుగా ఏడాదికి రెండుసార్లు ఆయన ఇలాగే వచ్చి చెప్పి వెళుతున్నారట. ఈ సంగతి ల్యాబ్‌లో ఒక్కరికీ తెలియదు. ప్రతి చిన్న సంగతీ చాటుకునే మనిషి, ఇదొక్కటే ఎందుకు చాటలేదో స్టెల్లాకు అర్థం కాలేదు. ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

"మా ఆయన కాలు ఏనుగు కాలంతైంది పిల్లా," అంది అంకాలమ్మ స్టెల్లాతో. "నాకేం కాలేదని ఊరంతా నన్నే ఆడిపోసుకున్నారు, నేనే ఏదో చేశానని. డాక్టరుగారొచ్చి, అది నీ రక్తంలో ఉన్న బలమమ్మా అని అందరిలో చెప్పాకే నోళ్ళు మూతపడ్డాయి."

మధ్యాహ్నానికి నలభై మందీ వరసలో ఉన్నారు. మాకూ తీయమని మరో పదిమంది పోట్లాటకొచ్చారు.

తిరిగొచ్చేటప్పుడు స్టెల్లా ఉండబట్టలేక అడిగింది. "అయితే సార్, రోజూ పొద్దున్నే మీరు చూసేది వీళ్ళ కోసమేనా?"

"ఈ ఒక్క పేపరే వీళ్ళ కోసం. మిగతావన్నీ నా కోసమే. అబద్ధమెందుకమ్మా?"

స్టెల్లా పగలబడి నవ్వింది. వరసలో మొదట కూర్చున్న అంకాలమ్మ, చేయి చాపి తనతో అన్న మాట అప్పుడే గుర్తొచ్చి, ఆ నవ్వు కాస్తా కంగారుగా మారింది.

"జాగర్తగా రాయి పిల్లా. నీ పేపరు అయిదొందలు దాటకపోతే మా ఊరికి నామర్దా."