నన్ను బోనెక్కించిన టీమ్ లీడర్ గారు

మా పాత టీమ్ లీడర్ గారు మొన్న గురువారం ఉదయం పోయారు. "అంకుల్, డాడ్ ఈజ్ గాన్," అని వాళ్లమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది. ఆ కబురు పాత స్నేహితులకు చేరవేసే పని నా మీద పడింది. నేను చెబితే ముగ్గురు నమ్మలేదు. "పొద్దున్నే ఇవేం జోకులురా, సిగ్గులేదూ?" అని ఒకడు ఫోన్ పెట్టేశాడు. ఇన్నేళ్లూ అందరినీ ఏడిపించినందుకు నాకు తగిన శాస్తే. ఆ మధ్యాహ్నమే మట్టి ఇచ్చి మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మా ఇంటికి వచ్చాను. అప్పటినుంచీ కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియడం లేదు. అందుకే మీకిది రాస్తున్నాను.

వైటూకే రోజులవి, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయని లోకం హడలిపోతున్న కాలం. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చినవాడికి మెల్‌బోర్న్‌లో ఎర్ర తివాచీ. నాకు కోబాల్ వచ్చింది, డిగ్రీయే రాలేదు. సెకండియర్‌లో చదువు వదిలేసి, కొనుక్కున్న సర్టిఫికెట్టుతో విమానమెక్కాను. అక్కడ మా టీమ్ లీడర్ గారిది కడప. ప్రోగ్రామంతా కాగితాల మీద తీయించి, స్కేలు పెట్టుకుని లైను లైనూ చదివేవారు. "చదవకుండా సంతకం పెట్టను నాయనా," అనేవారు. ఒకసారి ఆయన టిఫిన్ డబ్బాలో చపాతీలు తీసేసి ప్రింటరు కాగితాలు చుట్టిపెట్టాను. వాటినీ విప్పి, తప్పులు దిద్ది, నా బల్ల మీద పెట్టిన మహానుభావుడు.

ఒక శుక్రవారం ఆఫీసులో నోటీసు వచ్చింది. సోమవారం అందరూ ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలట. మర్నాడే ఆయన నన్ను కారెక్కించుకుని బీచ్‌వర్త్ చూపించడానికి తీసుకెళ్లారు. ఆస్ట్రేలియన్ ఆల్ప్స్ కొండల అంచున పాత బంగారు గనుల ఊరది. గోడ మీద పలక కనబడితే చాలు, ఆయన ఆగి చివరి అక్షరం దాకా చదివేవారు. నాకేమో కాలు నిలవడం లేదు. రెండుసార్లు నిజం చెప్పబోయి, రెండుసార్లూ జోకు వేశాను.

"యాడికి ఉరుకుతాండావు నాయనా? బస్సేం పోలేదు గదా?"

"మీరు ఈ ఊరు చదివి ముగించేసరికి నాకు పెన్షనొస్తుంది సార్."

పాత కోర్టులోకి వెళ్లాం. ముద్దాయిలు నిలబడే బోను చెక్కుచెదరలేదు. ఊరుకుంటానా? ఆయన్ని అందులోకి నెట్టి గొంతు పెంచాను. "ముద్దాయీ! మా చేత శనివారాలు కూడా పని చేయించావు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాండా దొరా," అన్నారు చేతులు కట్టుకుని. పక్కనున్న తెల్ల ముసలమ్మ, భాష రాకపోయినా పకపకా నవ్వింది.

"ఇంగ నువ్వెక్కు," అన్నారు దిగి. ఎక్కాను. "చెప్పు, యా కాలేజీలో పాసైనావు?"

తమాషాకే అడిగారు. నేనూ తమాషాగా ఏదో ఒకటి అనెయ్యాల్సింది. ఈసారి జోకు రాలేదు.

"పాసవలేదు సార్. సర్టిఫికెట్టు కొన్నాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. "నీ రెజ్యూమె కింద నేను సంతకం పెట్టినా గదరా," అన్నారు. "అదొక్కటే చదవకుండా పెట్టింది. ఇంటర్వ్యూలో నవ్వించినావని."

తిరుగుదారిలో రోడ్డు పక్కన కారాపి నమాజు చేసుకున్నారు. నేను ఆ కారు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో. వచ్చి తాళం తిప్పుతూ, "సోమవారం వాళ్లు అడగకముందే నువ్వే చెప్పు. నేనూ వస్తా," అన్నారు.

"వెనక్కి పంపేస్తారు సార్."

"పంపితే ఎయిర్‌పోర్టుకూ వస్తా."

పంపలేదు. పనిచేసేవాళ్లు కరువైన రోజులు గనక, ప్రోగ్రామరు హోదా పీకేసి టెస్టింగులో అట్టడుగున కూర్చోబెట్టారు. ఆ ఏడు ఆయనకు రావలసిన ప్రమోషన్ రాలేదు. ఆ సంగతి ఆయన నాతో ఎన్నడూ అనలేదు, ఇంకెవరో చెబితే తెలిసింది.

ఆ సోమవారం మేనేజరు గదిలో నేను మాట్లాడినంతసేపూ అద్దం తలుపు అవతల ఆయన కనబడుతూనే ఉన్నారు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. వానకు తడిసిన కోటు చేతిమీద వేసుకుని, లోపల నా నోరు ఆగినప్పుడల్లా, చెప్పు చెప్పు అన్నట్టు గడ్డం కదిలిస్తూ.