షుగర్‌ల ఉన్నది ఎవరు

దయ్యాలు, భూతాలు అంటే నాకు ఒళ్లు మండుతుంది. పద్నాలుగేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. నా కళ్ల ముందే ఎంతోమంది పోయారు, ఒక్కరూ తిరిగొచ్చి నన్ను పలకరించిన పాపాన పోలేదు. ఫలానా మంచం మంచిది కాదని ఆయాలు గుసగుసలాడితే, డ్యూటీ అయ్యాక అదే మంచం మీద నడుం వాల్చి చూపించే రకం నేను. అందుకే ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది. ఎవరో నవ్వుతారని కాదు, నన్ను నేనే నమ్మలేక.

మాది నిజామాబాద్. బోధన్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేరి అప్పటికి మూడు వారాలైంది. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. చెరుకు కొట్టే రోజులు కావడంతో దారంతా ట్రాక్టర్లే.

ఆ రోజు పొద్దున పదకొండింటికి రాజవ్వ అనే డెబ్బై ఏళ్ల ముసలామెను కోడలు లక్ష్మి ఆటోలో తీసుకొచ్చింది. మూడు రోజులుగా జ్వరం, రెండు రోజులుగా తిండి లేదు. కేస్ షీట్ రాస్తూ బీపీ ఉందా అని అడిగాను, లేదంది. షుగర్ ఉందా అని అడిగాను.

"షుగర్‌ల ముప్పై ఏండ్లు ఉండెనక్కా," అంది లక్ష్మి.

ఇంకా ఏదో చెప్తోంది. అంతలో పక్క గదిలో సెలైన్ అయిపోయిందని కేక వినిపించింది. "ముప్పై ఏళ్లుగా షుగర్" అని ఎర్ర పెన్నుతో రాసేసి లేచాను. లక్ష్మి రెండో మాట నేను వినలేదు.

డాక్టరు గారు చూశారు, సెలైన్ పెట్టించారు, నెత్తురు ల్యాబుకు పంపించారు. ఏదో కేసు ఉందని నిజామాబాద్ వెళ్లారు.

రెండు గంటలకు నేను వెళ్లేసరికి రాజవ్వ మగతలో ఉంది. పిలిస్తే పలకడం లేదు. ఒళ్లంతా చెమట. మందుల కోసం లక్ష్మి బయటికి వెళ్లింది. స్పిరిట్ దూదితో వేలు ఒక్కసారి తుడిచి, సూది గుచ్చి చూస్తే మిషన్ మీద 438. వెంటనే డాక్టరు గారికి ఫోన్ చేశాను.

"పాత షుగర్ పేషెంటేనా?" అన్నారాయన.

"అవును సార్, ముప్పై ఏళ్ల నుంచి," అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో!

పది యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వమన్నారు, తను బయల్దేరుతున్నానన్నారు. సిరంజిలో మందు ఎక్కించుకుని ట్రేతో గదిలోకి వచ్చాను.

మంచం పక్కన స్టూలు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఖాకీ చొక్కా, భుజం మీద తువ్వాల. భర్త అయి ఉంటాడనుకున్నాను. ఎడమ అరచెయ్యి రాజవ్వ చేతి మీద పెట్టుకున్నాడు. ఆ చేతికి రెండు వేళ్లు సగమే ఉన్నాయి.

జరగమన్నాను. కదలలేదు. నా వైపు కూడా చూడలేదు, సిరంజినే చూస్తున్నాడు.

"షుగర్‌ల ఉన్నది నేను బిడ్డా. ఆమె కాదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇక్కడ ప్రాణం మీదికొస్తే ఈయన తన షుగర్ సంగతి చెప్పుకుంటాడేమిటి! "నీది తర్వాత చూస్త తాతా, జర లెవ్వు," అని కసిరాను.

ఆయన చెయ్యి తీశాడు. దాని కింద రాజవ్వ వేళ్ల మీద చీమలు పాకుతున్నాయి.

వంగి ఆ వేళ్లు పట్టుకున్నాను. బంకబంకగా అంటుకున్నాయి. తలగడ పక్కన లక్ష్మి పెట్టి వెళ్లిన చెరుకు రసం గ్లాసు, సగం ఒలికి ఉంది. అప్పుడు తట్టింది నాకు. మిషన్ చూపించిన 438 నెత్తురుది కాదు, వేలికంటిన రసానిది. ఆ చెమట చల్లటి చెమట. షుగర్ పడిపోయినవాళ్లకు పట్టే చెమట. నర్సింగ్ మొదటి ఏడాదిలో నేర్పించే ముక్క.

తలెత్తేసరికి స్టూలు ఖాళీ. ఆ క్షణంలో అది పట్టించుకునే తీరిక లేదు. సబ్బు నీళ్లతో ఆమె చెయ్యి కడిగి, తుడిచి, ఇంకో వేలికి గుచ్చాను. 46.

ఫోన్‌లోనే డాక్టరు గారికి చెప్పి నరంలోకి గ్లూకోజ్ ఇచ్చాను. పది నిమిషాల్లో రాజవ్వ కళ్లు తెరిచి నీళ్లు అడిగింది. ఇన్సులిన్ సిరంజి ట్రేలో అలాగే ఉంది. ఆ ట్రే డ్రెస్సింగ్ రూముకు తెచ్చుకుని, దాన్ని చూస్తూ నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ పది యూనిట్లు లోపలికి పోయుంటే ఆ ముసలామెను నేనే చంపేదాన్ని.

లక్ష్మి రాగానే విరుచుకుపడ్డాను. ముప్పై ఏళ్ల షుగర్ అని ఎందుకు చెప్పావని అడిగాను. ఆమె బిత్తరపోయింది.

"నేను మా మామ ముచ్చట చెప్పిన గదక్కా. నువ్వు షుగర్ అన్నవు, నేను ఫ్యాక్టరీ అనుకున్న. షుగర్‌ల ఉండె, బంద్ అయినంక ఇంటికాడనే ఉండె అని చెప్పిన. మా అత్తకు ఏ బీమారి లేదు."

బోధన్‌లో షుగర్ అంటే రోగం తర్వాత, ముందు ఫ్యాక్టరీ. పక్కనే ఉన్న నిజామాబాద్ దాన్నై ఉండి కూడా నాకా సంగతి తెలియదు. "ఉండె" అన్నది మామ గురించా, అత్త గురించా? ఎవరు అని ఒక్క మాట అడగలేదు నేను.

"మరి ఆ మాట మీ మామ కూడా చెప్పాడు, ఎటు పోయాడు?" అన్నాను.

లక్ష్మి నన్ను వింతగా చూసింది. "మామ సచ్చిపోయి ఆరేండ్లాయె అక్కా."

ఎడమ చేతి వేళ్ల గురించి అడిగాను. ఆమె చేతిలో మందుల సంచి కింద పడింది. "మిషిన్ల పడి తెగినయి. నీకెవ్వలు చెప్పిండ్రు?"

నేను ఊరుకోలేదు. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగాను, ఆ గంటలో మగవాళ్లెవరూ లోపలికి పోలేదన్నాడు. అదే గదిలో పక్క మంచం మీద ఆపరేషనైన ఒకామె మెలకువగానే ఉంది. "నువ్వొక్కదానివే మాట్లాడుతుంటివి సిస్టరమ్మా, ముసలామెతోని అనుకున్న," అంది.

డాక్టరు గారికి నా తప్పంతా చెప్పాను, రాసివ్వమన్నారు. అనుమానం ఎలా వచ్చిందో కూడా రాయాలి కదా. "వేళ్ల మీద చీమలు చూసి" అని రాశాను. అబద్ధం కాదు. చీమలను నా కన్నే పట్టుకుని ఉండొచ్చు, భయంలో మనసు ఒక మనిషిని కల్పించి ఉండొచ్చు. ఎన్నోసార్లు అలా సర్దిచెప్పుకున్నాను. తెగిన వేళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క కుదరదు. ఆ ఇంటి వాళ్లను అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

మూడో రోజు రాజవ్వ లేచి కూర్చుంది. కోడలు చెప్పేసినట్టుంది. బీపీ చూడబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆయన ఒచ్చిండంట గదా బిడ్డా?"

తలూపాను.

"ఎట్లున్నడు? సన్నవడ్డడా?"

"మంచిగనే ఉన్నడవ్వా."

నా చెయ్యి వదల్లేదు. "నాకేమన్న చెప్పుమన్నడా?"

పేషెంట్లకు అబద్ధం చెప్పను నేను. ఆ ఒక్కసారి చెప్పి ఉండాల్సింది. "లేదవ్వా," అన్నాను.

"ఎన్నడు గంతే. ఆయనకు డ్యూటీ మాటలే వస్తయి," అని చెంగు మొహం మీదికి లాక్కుంది. దాని కింద ఆమె భుజాలు కదులుతూనే ఉన్నాయి. బీపీ చూడకుండానే వచ్చేశాను.

ఆ స్టూలు మీద కూర్చున్నది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నిజంగా ఆయనే అయితే, అంత దూరం నుంచి వచ్చి, చెయ్యి పట్టుకుని కూర్చుని, ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఎలా పోయాడో మరీ తెలియదు.