నల్ల నిమ్మకాయలు తొక్కిన బండి

మా కడప వైపు బండి కొంటే నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి. అంతవరకూ అది మన బండి కాదు. డబ్బు ఇచ్చేసినా, తాళంచెవి చేతికి వచ్చినా, ఇంటి ముందు తెచ్చి నిలబెట్టుకున్నా సరే, నిమ్మకాయలు తొక్కకపోతే అది ఇంకా అమ్మినవాడిదే. ఈ చట్టం ఎవరు రాశారో నాకు తెలియదు గానీ మా ఆవిడ దాన్ని కువైట్ దాకా మోసుకొచ్చింది.

నేనప్పుడు ఒక కంపెనీలో డ్రైవరుని. ఫర్వానియాలో గది. మా ఆవిడ హవల్లీలో ఒక కువైటీ ఇంట్లో వంట చేసేది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు కడుపుతో ఉంది. బస్సులో నిలబడి ప్రయాణం చేస్తే కళ్ళు తిరుగుతున్నాయి అనేది. ఆసుపత్రికైనా పనికొస్తుందని అల్ రాయ్‌లో ఒక పెద్ద తెల్లకారు కొన్నాను. అమ్మినవాడు పెషావరు నుంచి వచ్చిన మెకానిక్. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. ముందర పాత కార్లు అమ్మేవాడు, వెనక షెడ్డులో వాటినే బాగుచేసేవాడు. రెండు వైపులా వ్యాపారమే అన్నమాట.

కారు చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉండేది. పెద్దరోడ్డు ఎక్కి కాస్త దూరం పోగానే ఇంజను వేడెక్కి ఆవిర్లు కక్కేది. కొన్న వారంలోనే తిరిగి తీసుకుపోయి ఉస్తాద్ మీద గొంతు చించుకున్నాను. నేను నోరు మూసుకుని నష్టపోయే రకం కాదు. చివరికి ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు. "చూడు భాయ్, ఒక్కసారి బాగుచేస్తాను. ఆ తర్వాత కూడా వేడెక్కితే బండి నాది, నీ డబ్బు నీది. ఇది పఠాను మాట." నేను కూడా బెట్టు వదల్లేదు. "అంతవరకూ మా ఆవిడ నిమ్మకాయలు తొక్కించదు, బండి నీ పేరు మీదే ఉన్నట్టు" అన్నాను. నిమ్మకాయల సంగతి విని ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "అంటే నా బండికి ఇంకా పెళ్ళి కాలేదంటావు" అన్నాడు.

బండి బాగై ఇంటికొచ్చింది. శుక్రవారం ఎండలో తిప్పి చూద్దామనుకున్నాను. ఆ శుక్రవారం రాకముందే ఇరాక్ వచ్చింది.

తెల్లవారుజామున కిటికీ అద్దాలు వణుకుతుంటే లేచాం. దూరంగా ఏవో బరువైనవి పడేస్తున్న చప్పుడు. పక్కగది వాళ్ళ రేడియోలో అరబ్బీ గొంతు గబగబా ఏదో చెప్పి ఆగిపోయింది. మధ్యాహ్నానికి మా సందు చివర ట్యాంకు నిలబడి ఉంది. నాకు అదివరకు భయమంటే మా కంపెనీ సేటు కేకలే. ఆ రోజు తెలిసింది, భయం కడుపులో ఉంటుందని. తలుపు ఎవరు తట్టినా మా ఆవిడ రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకునేది.

కొన్ని వారాలు అలా గదిలోనే గడిపాం. మా కంపెనీ యజమాని వేసవికి విదేశం వెళ్ళాడు, ఇక రాలేదు. మా ఆవిడ పనిచేసే ఇంటి యజమానురాలు, మామా అని పిలిచేది ఆమెని, ఆవిడా అంతే. దుకాణాల్లో ఉప్పూ పప్పూ దొరకడం కష్టమైంది. మనవాళ్ళు ఒక్కొక్కరే బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు పోతున్నారు. అక్కడికి చేరితే ఊరికి విమానం ఎక్కిస్తారట. మధ్యలో ఎడారి, పైన ఎండ. బండి ఆగిపోతే ఏమవుతుందో ఎవరూ నోటితో అనలేదు. అందరికీ తెలుసు.

నేను బండిలో పోదామంటే మా ఆవిడ అడ్డుపడింది.

"బాగైందో లేదో సూడకుండా ఎట్ల పోదామయ్యా? నా కడుపులో బిడ్డను ఎడారిలో కననా? ఒకసారి అల్ రాయ్ దాకా పోయి రా. బాగుంటే నిమ్మకాయలు తొక్కించు. లేకుంటే బండి ఆడనే ఇచ్చేసి రా, బస్సు సూసుకుందాం."

"నిమ్మకాయలు యాడున్నాయే ఊర్లో?"

ఆమె చిన్న గుడ్డమూట విప్పింది. నాలుగు నల్లటి కాయలు, గోలీల్లా గట్టిగా. అరబ్బుల ఇళ్ళల్లో పులుసులోకి వేసే ఎండు నిమ్మకాయలు, లూమి అంటారు. మామా వంటింట్లోవి. "ఎండినంత మాత్రాన నిమ్మకాయ గాకుండా పోతాదా" అంది. మూట నా జేబులో పెట్టింది.

ఆ రోజు ఎండ మండిపోతోంది. దారిలో బస్సులు ఎక్కే చోటు కనబడింది. మూటలతో జనం, బస్సుల మీద కూడా జనం. ఒక ఆడమనిషి నేల మీద పడుకుని ఉంటే ఆమె ముఖం మీద అట్టముక్కతో విసురుతున్నారు. చూపు తిప్పుకున్నాను. ఇంకొంచెం పోగానే ఇంజను వేడి చూపించే సూది పైకి లేచింది. చెక్‌పాయింట్ దగ్గర వరసలో నిలబడేసరికి బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి వచ్చింది.

సైనికుడు తుపాకి ఎత్తాడు. బాంబు అనుకున్నాడో, ఇంకేమనుకున్నాడో. అరబ్బీలో అరుస్తున్నాడు. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ ఆ క్షణంలో మర్చిపోయాను. రెండు చేతులూ పైకెత్తి "హిందీ, హిందీ" అన్నాను. మేము ఇండియావాళ్ళమని చెప్పుకోవడానికి ఆ రోజుల్లో అదొక్క మాటే రక్ష. బానెట్ తెరవమన్నాడు. చేతులు కాలుతున్నా గుడ్డ కోసం చూడలేదు, చెయ్యి జేబులోకి పోతే కాలుస్తాడేమోనని. ఆవిరి చూసి అతను వెనక్కి గెంతి, తర్వాత నవ్వాడు. "యల్లా" అని, పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. నవ్వితే భయం పోతుందనుకుంటారు. నేను అల్ రాయ్ చేరేదాకా అద్దంలో వెనక్కి చూస్తూనే ఉన్నాను.

షెడ్డు షట్టరు సగం దించి ఉంది. ఉస్తాద్ లోపల నేల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగి, కళ్ళు గుంటలు పడి. ముందర ఉండే కార్లన్నీ సైనికులు తోలుకుపోయారట. ఆ మనిషిని చూస్తే జాలి పడాల్సింది. నాకు కోపం వచ్చింది. వచ్చిన భయమంతా ఆయన మీదికి మళ్ళింది.

"వేడెక్కింది ఉస్తాద్. తుపాకి ముందర వేడెక్కింది. నాకీ బండి వద్దు. నువ్విచ్చిన మాట ఉంది."

ఆయన వాదించలేదు. లేచి, గోడలో ఒక ఇటుక లాగి, అక్కడ దాచిన నోట్ల కట్ట తీసి నా చేతిలో పెట్టాడు. తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. "మాట మాటే. ఖలాస్. రేడియేటరుకు ఏదో ఒకటి చేసుకుని రేపే నేను ఇందులో బయలుదేరుతాను" అన్నాడు.

గెలిచాను. అంత సులువుగా నేను జీవితంలో ఏ తగాదా గెలవలేదు. చేతిలో డబ్బు ఉంది, దానికి ఒక రొట్టె వస్తుందో రాదో తెలియదు. బయట ఆ బస్సులు, నేల మీద పడుకున్న ఆ ఆడమనిషి. ఈసారి నా కళ్ళకు ఆ ముఖం మా ఆవిడదిలా కనబడింది. తాళంచెవి పిడికిట్లోంచి బయటికి రాలేదు.

"ఉస్తాద్, బండి నేనే ఉంచుకుంటాను."

"ఇప్పుడే కదా వద్దన్నావు?"

"మా ఆవిడకు నెలలు నిండుతున్నాయి."

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నేను అబద్ధం చెప్పను. ఇది మళ్ళీ వేడెక్కుతుంది. దీనికి కావలసిన సామాను ఇప్పుడు ఈ దేశంలో లేదు. ఎడారిలో ఆగిపోతే నన్ను మోసగాడు అనకూడదు."

డబ్బు తిరిగి ఆయన చేతిలో పెట్టి, జేబులోంచి మూట తీశాను. నాలుగు చక్రాల ముందూ నాలుగు నల్ల కాయలు పెట్టి, బండెక్కి ముందుకు కదిలించాను. పటపటమని చితికాయి. పచ్చి నిమ్మకాయలైతే రసం కారుతుంది. ఇవి నల్లటి పొడి అయ్యాయి, అంతే. అన్ని లోపాలతో సహా బండి నాదైపోయింది. ఈసారి ఉస్తాద్ నవ్వలేదు.

"వెనక సీటు ఖాళీయేనా?" అని అడిగాడు, నేలచూపులు చూస్తూ. "నీళ్ళ డబ్బాలు నేను పట్టుకొస్తాను."

ఇంటికి రాగానే మా ఆవిడ ముందు చక్రం దగ్గర వంగి చూసింది. టైరు గాడుల్లో నల్లపొడి కనబడింది. "బాగుందా?" అంది. "బాగుందే" అన్నాను. ఆమె బట్టలు సర్దింది.

ఊరు దాటగానే సూది లేచింది. వేడెక్కే ఇంజనుకు డ్రైవర్లందరికీ తెలిసిన ఒక ఉపాయం ఉంది. బండి లోపల హీటరు పెడితే ఇంజను వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది. ఎడారి ఎండలో, నిండు గర్భిణి పక్కన, నేను హీటరు తిప్పాను. వేడిగాలి ఆమె ముఖానికి కొట్టింది. ఆమె ఆ మీట వైపు చూసింది, నా వైపు చూసింది.

"బాగుందన్నావే?"

నేను రోడ్డు వైపే చూశాను. సిగ్గు కంటే భయమే ఎక్కువగా ఉంది. ఉస్తాద్ వెనక నుంచి తడిగుడ్డ అందించాడు. ఆమె దాన్ని తల మీద వేసుకుని, మరోటి పొట్ట మీద పరుచుకుంది. ఆ ప్రయాణమంతా అంతే. సూది, హీటరు, తడిగుడ్డ. ఆగినప్పుడల్లా ఉస్తాద్ దిగి డబ్బా ఎత్తేవాడు. నీళ్ళు రేడియేటరుకా, మనుషులకా అని ప్రతిసారీ ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం. దారి పక్కన ఆగిపోయిన బండ్లు కనబడితే ఆమె కళ్ళు మూసుకునేది. ఒక చోట కడుపులో నొప్పి అంది. ఆ నొప్పి తగ్గేదాకా నేను నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను, ఉస్తాద్ తన దేవుణ్ణి పిలిచాడు.

సరిహద్దు చేరేసరికి బండి ఉడుకుతోంది, ఆగలేదు మాత్రం. అక్కడి నుంచి నడిచే పోవాలన్నారు. కనుచూపు మేర వదిలేసిన కార్లు, తలుపులు తెరిచినవి తెరిచినట్టే. ఉస్తాద్ మా ఆవిడ ముందుకు వచ్చి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"బహెన్, దారి పొడుగునా వేడెక్కింది. నా మాట ప్రకారం బండి వెనక్కి తీసుకుంటాను. ఇదిగో నీ డబ్బు."

ఆమె నిలబడలేక నా భుజం పట్టుకుని నిలబడింది. పెదవులు పగిలి నెత్తురు కారుతోంది.

"వద్దన్నా," అంది. "నిమ్మకాయలు తొక్కినాక బండి మాదే."

నా చేతిలోంచి తాళంచెవి తీసుకుని కొంగుకు ముడేసుకుంది. తర్వాత ముగ్గురం నడక మొదలుపెట్టాం.