తళతళక్క సర్దిన టబ్బు

మా వెనకింటి తళతళక్క తోమిన కంచంలో చూసుకుని తల దువ్వుకోవచ్చు. అబద్ధమైతే నా నాలుక ఊడి కింద పడనీండి. అసలు పేరేంటో ఎవరికీ తెలీదు, ఆమెకైనా గుర్తుందో లేదో. ఇరవై రెండేళ్ళు ఆ ఒక్క ఇంట్లోనే తోమింది. ఇంట్లో ఉండేది తొమ్మిదిమంది, పూటకి పడే అంట్లు మాత్రం ఓ పటాలం తిని లేచినట్టుంటాయి. అన్నిటినీ కిటికీ పక్కనున్న మూరెడు చెక్క మీదే ఆరబెట్టేది. ఒకదానికొకటి తగలకుండా, బోర్లించి, కాస్త వాల్చి. నీళ్ళు జారిపోవాలి, గిన్నె జారకూడదు. ఆ విద్య ఇంకెవరికీ రాదు.

పనితోపాటు పెరట్లో ఓ గది ఇచ్చారు. మంచం వేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరవాలంటే మంచం ఎత్తాలి. అయినా అది ఆమె గది. మొగుడు పోయిన కొత్తలో కూతురింటికి వెళ్తే మూడోరోజే అల్లుడు, అత్తయ్య తిరుగు బస్సు ఎప్పుడని కూతుర్ని అడిగాడట, ఆమెకు వినపడేలాగే. ఆ పూటే మూట కట్టుకుని వచ్చేసింది. అంట్లు ఉన్నంతకాలమే గది. ఆ సంగతి ఆమెకీ తెలుసు, ఇంటివాళ్ళకీ తెలుసు.

అలాంటి ఇంట్లో పెద్దకోడలికి గిన్నెలు తోమే మిషను మీద మనసు పడింది. అక్క వేళ్ళు పగిలిపోతున్నాయి పాపం, ఆమె కోసమే అంటూ వీధంతా చెప్పుకుంది. అత్తగారు మాత్రం, గది ఖాళీ అయితే మనవడికి చదువుకునే బల్ల వేయొచ్చని నా దగ్గరే అంది. కానీ ఆ ముసలావిడ గట్టి పిండం. మన గిన్నెలన్నీ పడితేనే కొనేది, లేదంటే లేదని తేల్చేసింది. అందుకని ఒకరోజు గిన్నెలన్నీ రెండు గోనెసంచుల్లో నింపుకుని కొట్టుకు బయల్దేరారు. మొయ్యడానికి అక్క. సంచి మూతి పట్టుకోవడానికి నేను, ఎవరూ పిలవకపోయినా.

కొట్లో మూడు మిషన్లు తలుపులు బార్లా తెరిచి పెట్టున్నాయి. చిన్న టబ్బు ఎనిమిదిమందికి, మధ్యది పన్నెండుమందికి, పెద్దది పదిహేనుమందికి అని టై కట్టుకున్న సేల్స్ అబ్బాయి అప్పజెప్పాడు. అక్క నేరుగా వెళ్ళి చిన్నదాని ముందు నిలబడింది.

"ఇది చాల్లేమ్మా. కంచాలూ గ్లాసులూ దీంట్లో వేస్కోండి, పెద్దవి నేను చూస్కుంటాగా."

"సగం అది, సగం నువ్వూ అయితే ఇంక కొనడం దేనికక్కా?" అంది పెద్దకోడలు.

అబ్బాయి పెద్ద టబ్బులో సర్దడం మొదలెట్టాడు. దానికి పైన చెంచాల కోసం ఇంకో అర ఉంది. ఆ అర ఎత్తునంతా మింగేసింది, పాలగిన్నె మెడ దగ్గరే ఆగిపోయింది. మధ్యదాంట్లో ఆ అర లేదు గానీ వాడు గిన్నెలు వెల్లకిలా పెట్టి, కంచాలు ఒకదానికొకటి అంటించి కుక్కాడు. సగం సామాను నేల మీదే ఉండిపోయింది. ముసలావిడ లేచి, ఇది బొమ్మరిల్లు ఆటకి పనికొస్తుంది పదండి అంది. అక్క ఊపిరి వదలడం నేను విన్నాను. ఆ గాలికి నా కొంగు ఎగిరిందంటే నమ్మండి.

సంచి విప్పి సర్దుకుంటున్నాం. వాడు నోరు మూసుకుంటే పోయేది.

"మీ గిన్నెలే తేడా మేడమ్. వీటిని సర్దడం ఎవరివల్లా కాదు."

అక్క చేయి సంచిలోనే ఆగిపోయింది. "నీళ్ళు ఎట్నించి కొడతాయి బాబూ?" అని అడిగింది. కిందనించీ, మధ్యనించీ అన్నాడు. అంతే, మధ్య టబ్బు ముందు చతికిలబడి వాడు పెట్టినవన్నీ తీసి పారేసింది. నేను మోచెయ్యి గిల్లాను. రక్తం వచ్చేలా గిల్లాను. ఆ మనిషి ఈ లోకంలో లేదు. కంచాలన్నీ ఒకే వైపు వాల్చింది. పాలగిన్నె మూతి కిందకి తిప్పి మూలకి నెట్టింది. గరిటెలు సందుల్లో పడుకోబెట్టింది. నీళ్ళు చిమ్మే రెక్కని వేలితో తిప్పి ఎక్కడా తగలట్లేదని చూసుకుని తలుపు మూసింది. కొట్లోవాళ్ళు చప్పట్లు కొట్టారు. చిన్నపిల్లలా నవ్వుతూ వెనక్కి తిరిగింది.

పెద్దకోడలు ఖాళీ నేలకేసి చూస్తోంది. "ఒక్క గరిటె కూడా మిగల్లేదక్కా," అంది మెల్లగా.

అక్క నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు.

గురువారం మిషను దిగింది. వారం రోజులు కోడలికి సర్దడం నేర్పించింది. ఎనిమిదోరోజు ముసలావిడ కొత్త చీర చేతిలో పెట్టి, నీకూ విశ్రాంతి కావాలి కదమ్మా అంది. అక్క మంచం ఎత్తి, తలుపు తెరుచుకుని వెళ్ళిపోయింది.

పోయిన నెల అక్కని చూడ్డానికి ఆమె కూతురింటికి వెళ్ళాను. హాల్లో చెప్పుల స్టాండు పక్కన చాప మీద కూర్చుని ఫోన్లో మాట్లాడుతోంది. అవతల పెద్దకోడలు, పాలగిన్నె మిషను తలుపుకి తగులుతోందట.

"మూలకి తోసి, మూతి కిందకి పెట్టమ్మా. ఆఁ, కాస్త వాల్చు."

ఎందుకు చెప్తావే, చావనీ అన్నాను.

"అలా పెడితే అడుగున జిడ్డు ఉండిపోద్దే," అంది. "చూళ్ళేను."

నిన్న మళ్ళీ వెళ్తే, ఈమధ్య వాళ్ళు ఫోన్ చేయట్లేదని చెప్పింది. నేర్చేసుకున్నారు.