నాచారంలో సముద్రపు పువ్వు

"కూరకేనా?"

మా ముందుగదిలో అద్దాల తొట్టిని చూసిన ప్రతివాళ్ళూ అడిగిన మొదటి మాట అదే. పాలవాడు అడిగాడు, కరెంటు మీటరు చూడడానికి వచ్చినవాడు అడిగాడు, పక్కింటి రైల్వే గార్డుగారి భార్య అయితే గొంతు తగ్గించి, "మీరు గూడ తింటరా?" అంది. కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లు మాది. మొదట్లో ఓపిగ్గానే చెప్పేదాన్ని. ఇది ఉప్పునీళ్ళ తొట్టి, ఇవి సముద్రపు చేపలు, నత్తలు, రాళ్ళను పట్టుకుని బతికే జీవాలు, వీటిని పెంచుతున్నాను, తినడానికి కాదు అని. "తినకపోతే మరెందుకమ్మా?" అని రెండో ప్రశ్న వచ్చేది. చివరికి విసుగెత్తి, "అవును, కూరకే. ఆదివారం రండి" అనడం మొదలుపెట్టాను. ఒకాయన నిజంగానే వచ్చి కూర్చున్నాడు. ఆయనకు వంకాయకూర పెట్టి పంపాను.

డెబ్బయ్యవ దశకపు తొలి రోజులవి. నాది విశాఖ. జువాలజీలో ఎమ్మెస్సీ చేశాను. అక్కడే చదువుకుంటున్న భువనగిరి అబ్బాయిని పెళ్ళాడి నాచారంలో అద్దెయింటికి వచ్చి పడ్డాను. ఆయనకు ఉప్పల్లో ఒక సైన్సు సంస్థలో ఉద్యోగం. నేను సికింద్రాబాదులో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. నా మనసు మాత్రం రీసెర్చి మీదే ఉండేది. మా ప్రొఫెసరుగారి దగ్గర చేరాలని పెళ్ళికి ముందే అనుకున్నాను. పెళ్ళయ్యాక వెళ్ళి అడిగితే ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "సముద్రం లేని ఊళ్ళో కాపురం, సముద్రజీవుల మీద రీసెర్చి. ఎలాగమ్మా? సరే, ఒక్క ఎనిమోన్‌ను ఆ ఊళ్ళో ఏడాది బతికించి చూపించు. అప్పుడు నీ తరపున కమిటీతో నేను మాట్లాడతాను" అన్నారు.

ఎనిమోన్ అంటే మొక్క కాదు, జంతువే. రాతికి అతుక్కుని, చుట్టూ రేకుల్లాంటి చేతులు విప్పుకుని చామంతిపువ్వులా ఉంటుంది. మా ఇంట్లో దాని పేరు సముద్రపు పువ్వు. అది ఏడాది బతికితే నాకు రీసెర్చి సీటు, చస్తే జీవితాంతం కప్పను కోసి చూపించడం. నా బతుకు దాని బతుకుతో ముడిపడింది.

ఇక నా పాట్లు చూడండి. ఇనుప చట్రంలో గాజుపలకలు బిగించి తొట్టి చేయిస్తే, ఉప్పుకు ఆ చట్రం తుప్పు పట్టింది. దానికి తారు పూయించి మళ్ళీ మొదలుపెట్టాను. సముద్రపు నీళ్ళు రైల్లో రావాలి. గార్డుగారు మంచివారు, డ్యూటీ మీద విశాఖ వైపు వెళ్ళినవాళ్ళతో చెప్పి తెప్పిస్తానన్నారు. తెప్పించారు కూడా, కిరసనాయిలు డబ్బాలో! మల్కాజిగిరి స్టేషనులో డబ్బా మూత తీసి వాసన చూసి నేను ప్లాట్‌ఫారం మీదే కూలబడ్డాను. "కడిగిన్రమ్మా, మంచిగనే కడిగిన్రు" అంటాడాయన. తరవాత లాబరేటరీలో యాసిడ్ వచ్చే పెద్ద గాజుసీసాలు సంపాదించి, గడ్డి చుట్టిన బుట్టల్లో పెట్టి పంపడం మొదలుపెట్టాను.

నీళ్ళలోకి గాలి బుడగలు పంపడానికి బొంబాయి నుంచి చిన్న పంపు తెప్పించాం. అది కరెంటు ఉన్నప్పుడే పనిచేస్తుంది, నాచారంలో కరెంటు మాత్రం వచ్చిపోయే చుట్టం. కరెంటు పోతే మా ఆయన లారీ ట్యూబులో సైకిలు పంపుతో గాలి కొట్టి, దానికి సన్నగొట్టం తగిలించి, ఆ గాలిని తొట్టిలోకి వదిలేవారు. ఎండాకాలం తొట్టి చుట్టూ తడిగుడ్డలు కట్టాలి. మా ఆయన దాన్ని చూసి, "నాకు జొరమొస్తే గిన్ని తడిగుడ్డలు ఏస్తవా?" అని వేళాకోళమాడేవారు. పువ్వుకు తిండి రొయ్యముక్క. ఆ రొయ్యను ఇంట్లో తరగడానికి వీల్లేదు గనక పెరటి గోడ అవతల నిలబడి తరిగి, ముక్కను పుల్లకు గుచ్చి తెచ్చి తినిపించి, నెత్తిన నీళ్ళు పోసుకుంటే గాని వంటింట్లోకి రానిచ్చేది కాదు మా అత్తగారు.

అయినా ఆమె తొట్టిని ఏనాడూ కాదనలేదు. నా తొట్టిని చూసి కూరకేనా అని అడగని మనిషి ఈ ఊళ్ళో ఆమె ఒక్కతే. పొద్దున్నే పూజయ్యాక పీట వేసుకుని దాని ముందు కూర్చునేది. "ఎంత దూరం నుంచొచ్చినవే" అని పువ్వుతో మాట్లాడేది. ఆ మాట నాతో ఎన్నడూ అనలేదని నాకు కాస్త కుళ్ళుగా కూడా ఉండేది.

ఇంత చేస్తే మొదటి పువ్వు ముడుచుకుని చచ్చిపోయింది. రెండోది కూడా అంతే. దానితోపాటు శంఖులో దూరి బతికే సన్యాసి పీతలు గూడు వదిలేసి బయటికొచ్చి పడిపోయాయి, నత్తలు గాజు మీంచి రాలిపోయాయి. చేపలు మాత్రం నిక్షేపంగా తిరుగుతున్నాయి. నాకు పిచ్చెక్కింది. నీళ్ళు చెడ్డాయా అంటే చేపలకేం కాలేదే! ఉప్పు కొలిచాను, సరిగ్గానే ఉంది. వేడి చూశాను. ఫ్యాక్టరీల పొగ అన్నాను. దోమల మందు కొట్టేవాళ్ళను వీధి మొదట్లోనే అడ్డుకుని దెబ్బలాడాను. మా ఆయన సిగరెట్టును వాకిట్లోకి తరిమాను. ఇంటాయన సున్నం వేయిస్తానంటే వద్దన్నాను. తోటి లెక్చరరు ఒకావిడ, "దిష్టి తగిలిందేమో, నిమ్మకాయ కట్టరాదూ" అంది. ఎమ్మెస్సీ చదివిన మనిషి! ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి నిమ్మకాయ కట్టాను.

మూడో పువ్వు తెప్పించిన నెలలోనే ముడుచుకోవడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు పురుడని అత్తగారు నారపల్లి వెళ్ళింది. ఆమె అక్కడున్నన్నాళ్ళూ పువ్వు కోలుకుంది. పూర్తిగా విప్పుకోలేదు గాని, రేకులు కదిలించి రొయ్యముక్క అందుకుంది. నేను చల్లబడిన వాతావరణానికి దండం పెట్టుకున్నాను. ఆమె తిరిగొచ్చిన వారానికి మళ్ళీ ముడుచుకుపోయింది. "మీ అమ్మగారి దిష్టేనేమో" అని మా ఆయనతో అన్నాను. ఆయన నవ్వలేదు.

ఒకరోజు బస్సులు తిరక్కపోవడంతో బయల్దేరిన కాసేపటికే ఇంటికి తిరిగొచ్చాను. ముందుగదిలో అత్తగారు రాగిచెంబు పట్టుకుని తొట్టిలోకి సన్నధారగా నీళ్ళు పోస్తోంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తొట్టిలో నీరు ఆవిరైపోతుంది గాని ఉప్పు ఆవిరవదు. అందుకని తగ్గినంత మేరా మంచినీళ్ళే పోయాలి. దానికోసం కుళాయి నీళ్ళను మందువాసన పోయేదాకా ఒక గాజుజాడీలో నిలవబెట్టేదాన్ని. తొట్టి గాజు మీద గోళ్ళరంగుతో గీత గీసి, నీళ్ళు గీత దిగితే జాడీలోవి పోయండని ఇంట్లో అందరికీ చెప్పాను. జాడీలో నీళ్ళు రోజూ తగ్గేవి. అంతా సవ్యంగానే ఉందనుకున్నాను.

"ఆ చెంబేమిటండీ? జాడీలో నీళ్ళేవి?"

"అవి మల్లెచెట్టుకు పోసిన" అంది, ఏమీ ఎరగనట్టు. ఆమెకు నిజంగానే ఏమీ తెలియదు. "దినాల సంది నిల్వ ఉన్న పాసి నీళ్ళు బిడ్డా గవి. పానమున్నదానికి గసువంటివి ఎట్ల పోస్తం? బిందెల నీళ్ళు పోస్తున్న. మనం తాగేటివే."

వంటింట్లో పీట మీద ఆ బిందె. తాతల నాటి రాగిబిందె. రోజూ చింతపండు పెట్టి తళతళా తోమి, మడినీళ్ళు పట్టి, రాత్రంతా నిలవుంచి పొద్దున తాగుతారు. ఒంటికి మంచిదంటారు. మంచిదేనేమో, మనుషులకు. పొలాల్లో మైలతుత్తం వేస్తే నత్తలు చస్తాయని, అందులో ఉండేది రాగేనని, అది ఎముక లేని జీవాలకు విషమని, చేపలు మాత్రం కొంత తట్టుకుంటాయని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో! నల్లబల్ల మీద రాసిన ముక్క నా వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది.

"రోజూ పోస్తున్నారా?"

"నువ్వు కాలేజికి పోంగనే పోస్త."

"మీరు ఇన్నాళ్ళూ దానికి విషం పోస్తున్నారండీ!" అని అరిచాను. నా గొంతు గార్డుగారింటి దాకా వినబడిందట.

ఆమె చెంబులోకి చూసింది. "నేను తాగేటి నీళ్ళే పోసిన. విషమైతె ముందుగాల నేను సావాలె గద" అంది. నేను రాగి గురించి, నత్తల గురించి గుక్కతిప్పుకోకుండా పాఠం చెప్పేశాను. ఆమె మొత్తం విని, చెంబును బోర్లించి, పీట ఎత్తి తీసుకుపోయింది. ఆ తరవాత తొట్టి దగ్గరకు రాలేదు. ముందుగదిలోంచి నడవాల్సి వస్తే గోడవైపు చూస్తూ పోయేది.

ఆ మూడో పువ్వు ఎలాగూ దక్కలేదు. నీళ్ళూ ఇసకా మొత్తం పారబోసి, సీసాల కొద్దీ కొత్తనీళ్ళు తెప్పించి, నాలుగోది పెట్టాను. అది బతికింది. ఎండలకు బతికింది, కరెంటు కోతలకు బతికింది. అరచెయ్యంత విప్పుకుని ఊగుతుంటే చూసి మురిసిపోదామంటే పక్కన ఎవరూ లేరు. అత్తగారిని పిలిస్తే, "పనున్నది బిడ్డా" అనేది వంటింట్లోంచి.

ఏడాది నిండింది. మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ప్రొఫెసరుగారు కమిటీ ముందుకు రమ్మని కబురు పెట్టారు. విశాఖలో పది రోజులుండాలి. మా ఆయన చూస్తే క్యాంపు మీద జిల్లాల్లో తిరుగుతున్నారు. తిండి లేకపోయినా పువ్వు ఆగుతుంది గాని, ఆ ఎండల్లో రోజూ నీళ్ళు పోయకపోతే ఉప్పు ముదిరి చస్తుంది. గార్డుగారి భార్యను అడిగితే, "నాకు భయమమ్మా, కరుస్తదేమో" అంది. ఇక మిగిలింది ఎవరు? అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. రెండ్రోజులు తటపటాయించి, బియ్యం ఏరుతున్న అత్తగారి పక్కన కూర్చుని అడిగాను.

ఆమె తలెత్తలేదు. "నా చేతుల్ల విషమున్నదంటివి గద."

"చేతుల్లో అనలేదండీ. బిందెలో అన్నాను."

"బిందె నాదే గద."

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. క్షమించమని అడగడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. "ఇది చస్తే నా చదువు పోతుంది అత్తయ్యగారూ" అన్నాను. ఆమె ఏరిన రాళ్ళు పెరట్లోకి విసిరి, చేట పక్కన పెట్టింది. తరవాత, "ఏ గిన్నెతోటి పొయ్యాలె? సూపియ్యి" అంది.

విశాఖలో కమిటీవాళ్ళు ఐదుగురు. నా పువ్వు ఏడాది ఎలా బతికిందో చెప్పడానికి రాత్రుళ్ళు కూర్చుని పాఠం తయారు చేసుకున్నాను. దాని సంగతే ఎవరూ ఎత్తలేదు. ఒక పెద్దమనిషి, "మీవారు హైదరాబాదులో, మీరిక్కడా. మరి ఇల్లెవరు చూస్తారమ్మా?" అన్నాడు. ఇంకొకాయన తల పంకించాడు. ప్రొఫెసరుగారు నోరు విప్పుతారని ఆయన వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. సీటు పెళ్ళికాని ఒక కుర్రాడికిచ్చారు. బయటికొచ్చాక ప్రొఫెసరుగారు "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారు. మూడు పువ్వులను చంపుకుని, నాలుగోదాన్ని కంటికి రెప్పలా కాపాడి, దేశంలో రైళ్ళన్నిటి చేతా నీళ్ళు మోయించి, చివరికి నేను విన్నది ఆ మాట. ఆ కోపంలో సముద్రం వైపు కూడా వెళ్ళకుండా రైలెక్కాను.

మా సందు మొదట్లోనే గార్డుగారి భార్య ఎదురొచ్చింది. "మీ అత్త సంగతి విన్నవా? గా తొట్టికి మడి కట్టింది" అంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ. రాగిబిందె పెరట్లో గంప కింద ఉందట. ఈ పది రోజులూ ఆమె కుండనీళ్ళే తాగిందట. దేవుడి ముందు రాగి ఉద్ధరిణె ముట్టుకుందంటే మళ్ళీ స్నానం చేసి గాని తొట్టి దగ్గరకు పోలేదట. ఇంట్లోకి ప్లాస్టిక్ రానివ్వని మనిషి ఒక పచ్చ ప్లాస్టిక్ మగ్గు కొనుక్కొచ్చి, దాన్ని ఎవరూ తాకకుండా చిలక్కొయ్యకు తగిలించిందట.

గుమ్మంలో చెప్పులు విడుస్తుంటేనే ఆమె నా చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి లాక్కుపోయింది. "సూడు బిడ్డా. సావలే" అంది. పువ్వు నిండుగా విప్పుకుని ఉంది. నేను దాన్ని చూడలేకపోయాను. దాన్ని పగలగొట్టాలనిపించింది. ఇక అది బతికితే ఎంత, చస్తే ఎంత?

"ఏమన్నరు వాళ్ళు? ఇచ్చిన్రా?"

"ఇవ్వలేదండీ."

"ఎందుకట? బతికింది గద!"

"దాని గురించి అడగనేలేదు. నువ్వొస్తే ఇల్లెవరు చూస్తారు అన్నారు."

ఆమెకు అర్థం కాలేదు. నా మొహంలోకి, తొట్టిలోకి, మళ్ళీ నా మొహంలోకి చూసింది. తరవాత ఆమె మొహం ఎర్రబడింది. నేను విషం అన్న రోజున కూడా ఆమెకు అంత కోపం రాలేదు.

"నేను జూస్తలేనా?" అంది. "గా మాట వాళ్ళకు జెప్పకపోయినవా?"

చెప్పలేదు. ఆ ఐదుగురి ముందు కూర్చున్నంతసేపూ నాకా జవాబు తట్టనే లేదు.