రెండు తాళాల ప్రెసిడెంటు గారు

కృష్ణవేణి గారికి ఏ పెత్తనం ఇచ్చినా పుచ్చుకుంటారు గానీ, ముందు తనని ఆపే మనిషిని చూపించమంటారు. అది పెళ్ళిలో వడ్డన పెత్తనమైనా ఒకటే, రాజోలు పక్కన వాళ్ళ ఊరి నీటి సంఘం అధ్యక్ష పదవైనా ఒకటే. ఈ సంగతి రిటైరైన లెక్కల మేష్టారు నతానియేలు గారికి తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలీదు. ఆ ఆపే ఉద్యోగం చివరికి ఆయన మెడకే చుట్టుకుంది మరి.

ఇంట్లో ఆ ఉద్యోగం భర్త త్రిమూర్తులు గారిది. పొయ్యి వెలిగించే ముందు పిలుపు వస్తుంది.

"ఏవండీ, కాకరకాయ పులుసు పెడదామనుకుంటున్నాను. వ్యతిరేకించండి."

"వ్యతిరేకిస్తన్నాను."

"కారణం?"

"చేదు."

"కారణం చాల్దండి. కాళ్ళు కడుక్కుని రండి, వడ్డిస్తాను."

ఓసారి ఆడవాళ్ళంతా బస్సు మాట్లాడుకుని వాడపల్లి వెంకన్న దర్శనానికి బయల్దేరారు. బస్సు పెత్తనం కృష్ణవేణి గారిది. తనని ఆపడానికి పక్కింటి పార్వతిని నియమించారు. తిరుగు ప్రయాణంలో ఆత్రేయపురం వచ్చింది. పూతరేకులంటే కృష్ణవేణి గారికి ప్రాణం. "బస్సు ఆపండి!" అన్నారు. "ఆపడానికి వీల్లేదు, పొద్దుపోయింది," అంది పార్వతి. బస్సు ఆగలేదు. కిటికీలోంచి కొట్లన్నీ వెనక్కి పోతుంటే, "చూశారా, పద్ధతి ఎంత బాగా పనిచేసిందో!" అని అందరికీ చెప్పారట, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని.

నీటి సంఘం ఎన్నికల్లో ఆవిడ మీద పోటీ చేసి ఓడిపోయినాయనే మన మేష్టారు. ఆవిడ మెడలో దండ పడుతున్నప్పుడు ఆయన వెనకాల నిలబడి చల్లారిన టీ తాగుతున్నారు. ఆవిడ దండతోనే జనాన్ని తోసుకుంటూ వచ్చేశారు.

"మేష్టారూ, ఈ ఊళ్ళో నన్ను మనస్ఫూర్తిగా వ్యతిరేకించింది మీరొక్కరేనండి. శివారు చేలకి నీళ్ళు పారే బోదె షట్టరుకి రెండో తాళం కొన్నాను. ఇదిగో తాళంచెవి. ఇద్దరం ఉంటేనే తెరవడం, ఇద్దరం ఉంటేనే మూయడం."

"మీరు మంచివారే కదమ్మా, మీకు తాళం ఎందుకు? పనులు జరగాలంటే ఎవరో ఒకరి చేతిలో అధికారం ఉండొద్దా? మన మీటింగులయ్యేదాకా గోదావరి ఆగుద్దా?"

"నా మంచితనం మా తమ్ముడు వచ్చి 'అక్కా' అనేదాకేనండి. ఆ తరవాత దానికి నేను పూచీ పడలేను."

అలా మేష్టారు ప్రతిపక్షమూ, సగం ప్రభుత్వమూ అయ్యారు. వాదించుకోకుండా ఒక్క వారం గడవలేదు. ఆయన గెలిచిన రోజున ఆవిడ ఆయనింటికి అరటిపళ్ళు పంపేవారు. ఓడిన రోజున అవీ ఉండేవి కావు.

దాళ్వా పంటప్పుడు గోదావరి తగ్గి కాలవకి వంతులు పెట్టారు. చేపల చెరువుల నాగసతీష్ గారు వచ్చి షట్టరు మూయించి నీళ్ళు తనవైపు తిప్పమన్నారు.

"పైనుంచి చెప్పించమంటారా?" అన్నారు మీసం దువ్వుతూ.

"ఆయ్, చెప్పించండి. నా దగ్గర సగం అధికారమే ఉందండి. పైవాళ్ళకి మిగతా సగం ఎక్కడినుంచి వచ్చిందో కాస్త కాగితం మీద పెట్టి పంపమనండి."

కాగితం రాలేదు. నాగసతీష్ గారూ మళ్ళీ రాలేదు.

అసలు చిక్కు శివారు వంతు చివరిరోజున వచ్చింది. గుర్రపు డెక్క అడ్డుపడి నీళ్ళు నత్తనడక నడిచాయి. మేష్టారి చేను తడిసింది గానీ, ఆ కింద శారోన్ కౌలుకి చేస్తున్న చేనికి చుక్క చేరలేదు. పైరు పొట్టమీదుంది. ఇప్పుడు తడి లేకపోతే గింజ పాలుపోసుకోదు, తాలే మిగులుతుంది. మధ్యాహ్నానికి వంతు అయిపోయింది. శారోన్ పార పట్టుకుని షట్టరు దగ్గర నిలబడింది. ప్రెసిడెంటు గారూ, మేష్టారూ తాళంచెవులతో వచ్చారు. మేష్టారికి తాళం వెయ్యడానికి చెయ్యి రాలేదు.

"ఒక్కపూట పొడిగించండమ్మా. నేను ఆపను. చూడనట్టు ఊరుకుంటాను."

"అధ్యక్షురాలిగా ఆ మాట అనలేనండి. ఇవాళ శారోన్‌కి పొడిగిస్తే, రేపు నాగసతీష్ గారి చెరువుకి పొడిగించమంటారు. అప్పుడు నాకు నోరు లేవదు." ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకున్నారు. "ఇంతకీ ఇప్పుడు మొదలయ్యే వంతు ఎవరిదండీ?"

"మీదే. ఇది మూస్తే నీళ్ళు మీ చేను వైపే."

"అయితే రైతుగా చెప్తున్నాను. నా వంతు శారోన్‌కి ఇచ్చేశాను. షట్టరు అలాగే ఉంచండి."

"మీ చేనూ పొట్టమీదే ఉంది కదమ్మా! నేనొప్పుకోను."

"మీరు ఆపాల్సింది ప్రెసిడెంటునండి. రైతుని ఆపే అధికారం మీకెవరిచ్చారు?"

ఆవిడ ఇన్నాళ్ళూ కట్టిన కట్లన్నీ తీసుకునే చేతికేననీ, ఇచ్చే చేతిని ఏ తాళమూ లేకుండా వదిలేశారనీ మేష్టారికి అప్పటికి అర్థమైంది. ఎన్నికల్లో ఈవిడకే ఓటేసుంటే పోయేది కదా అనిపించింది ఆయనకి. శారోన్ అప్పటికే బోదెలో పడి డెక్క లాగేస్తోంది.

ఇంతలో మేష్టారి ఫోను మోగింది. త్రిమూర్తులు గారు.

"ఏవండి మేష్టారూ, మా చేనికి నీళ్ళు రాలేదేంటండి?"

"తప్పు నాదేనండి. ఆవిడ మీ వంతు శారోన్‌కి ఇచ్చేశారు. ఆవిణ్ణి ఆపడం నా డ్యూటీ. ఆపలేకపోయేను."



"పెళ్ళయిన కాణ్ణించీ నా వల్లే కాలేదు, మీ వల్లేం అవుద్దండి? ఇంజను అద్దెకి తెచ్చి మురుగు కాలవ నీళ్ళు తోడుకుంటాను లెండి. అక్కడ ఎండలో నిలబడిపోయుంటది. కాస్త గొడుగు పట్టండి, ఆయ్."

మేష్టారు సైకిలుకి కట్టిన గొడుగు విప్పి తీసుకెళ్ళి ఆవిడకి పట్టారు. ఆవిడ అది చేతిలోకి లాక్కుని, బోదెలో ఉన్న శారోన్‌ని కూడా పిలిచి నీడలోకి తీసుకున్నారు. ఇద్దరికే సరిపోయే గొడుగు అది. మేష్టారు నెత్తిన చేతిరుమాలు వేసుకుని, నవ్వుకుంటూ డెక్క లాగడానికి దిగారు.